ఆదోని మేక కథ ముగిసిన చోట

1. వెల్దుర్తి నీడగది

నీళ్ళు తాగినవాళ్ళు దారి సంగతి గోడపలక మీద రాయాలన్నది ఎండవేళ తలదాచుకునే ఈ నీడగదుల నియమం. తాగాను కాబట్టి రాస్తున్నాను. నా పేరు హైమావతి, కర్నూల్లో రక్తపరీక్షల ల్యాబులో పని. నలుగురం సైకిళ్ళ మీద అనంతపురం పోయి రావాలని బయలుదేరాం. అక్కడ పనేమీ లేదు, ఉత్త సరదా. ఈ కాలంలో సరదాకి ఈ పాత కింద రోడ్డు ఎక్కేవాళ్ళకు తిక్క ఉండాలని మా ఆయన అంటాడు. అననీ.

కర్నూలు నుంచి ఇక్కడిదాకా తారు బాగానే ఉంది. రెండు చోట్ల ఇసుక మేట వేసింది, దిగి నడిపించుకోవాలి. పై రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే వాటంతటవే వరసగా పోతున్నాయి, ఒక్కదాన్లోనూ మనిషి లేడు. కింద మేం తప్ప పిట్ట కూడా లేదు. ఎండ సైరన్ మోగకముందే గదిలో పడ్డాం. ఇప్పుడు తలుపు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పొద్దు వాలేదాకా ఇక్కడే.

మాలో పెద్ద ఓబులేసన్న. రైల్వేలో చేసి మానేశాడు. వీపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఎదురుగాలి ఉన్నప్పుడు అందరం ఆయన వెనక దాక్కుంటాం. తర్వాత ఎస్తేరు, ఆస్పత్రి నర్సు, సైకిల్ మీద ఉన్నా వార్డులో ఉన్నట్టే ఆజ్ఞలు వేస్తుంది. ఆఖరున ఖాజా. కూలర్లు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. నోరు మూయడు. వాళ్ళ నాయన ఆదోనిలో కుల్ఫీ బండి తోసేవాడు, ఆ బండి గంటను వీడు సైకిల్ హ్యాండిల్‌కి బిగించుకున్నాడు. ఇత్తడిది, బోలెడు బరువు. తీసేయరా అంటే వినడు.

ఆ గంటకు మా వరసలో ఒక పని ఉండేది. వరసలో పోయేటప్పుడు తల వెనక్కి తిప్పకూడదు. చూపు ముందువాడి వెనక చక్రం మీదే ఉండాలి, లేకపోతే చక్రాలు తగిలి అందరం పడతాం. అందుకని కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ఆఖరి మనిషి గంట కొట్టాలి. గంట వినబడిందంటే వరస తెగలేదని అర్థం. ఈసారి ఆ అవసరం తీరిపోయింది. కొత్త హెల్మెట్లు కొన్నాం. గాలి రొద, చక్రాల చప్పుడు అన్నీ తీసేసి మనుషుల మాట మాత్రమే చెవిలో పోస్తాయి. గంట కూడా వినిపించదు. ఖాజా మాత్రం అలవాటు కొద్దీ మొదట్లో కొడుతూనే ఉన్నాడట.

"చేతికి నొప్పి తప్ప ఎవురికి వినిపిస్తాది రా?" అన్నాను. అంతటితో మానేశాడు.

ఈ హెల్మెట్లలో ఇంకో విద్య ఉంది. కొండ అడ్డం వచ్చి మాట తెగితే, ఆ సందును హెల్మెటే పూడుస్తుంది. మనిషి గొంతుతో, మనిషి అనేదే అంటుంది. అమ్మినవాడు అదే గొప్పగా చెప్పాడు. పరీక్షిద్దామని ఖాజాను ఒక బండరాయి వెనకాలకు పంపి నోరు మూసుకొమ్మన్నాం. మా చెవుల్లో ఖాజా ఆపకుండా బిర్యానీ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. పడీపడీ నవ్వాం. దానికి చిన్న ఖాజా అని పేరు కూడా పెట్టాం.

అసలు ఖాజా ఈరోజు మళ్ళీ ఆదోని మేక కథ మొదలుపెట్టాడు. నాయన బండి వెనకాలే ఒక మేక తిరిగేది, కారే ఐసుగడ్డ ఉప్పునీళ్ళు నాకడానికి. ఒకరోజు బండి పోలీస్ స్టేషన్ ముందు ఆగింది... అక్కడిదాకా మాకు కంఠతా వచ్చు. ఆపైన ఏమైందో మాలో ఎవరికీ తెలియదు. ఎన్నేళ్ళుగా చెబుతున్నా అక్కడికి వచ్చేసరికి ట్యూబు పంచరవుతుంది, లేదా వాడికే ఇంకేదో గుర్తొస్తుంది. ఈరోజు ఇసుక మేట వచ్చింది.

2. డోన్ నీడగది

దారి సంగతి ముందు. డోన్ దాటాక రెండు దారులు. చుట్టుదారి చదునుగా ఉంటుంది కానీ మధ్యలో నీడగది లేదు. ప్యాపిలి కొండ సందుది దగ్గరి దారే కానీ ఎక్కుడు ఎక్కువ, తారు అంచులు ఊడిపోయి ఒక్క సైకిల్ పట్టేంత జాగానే మిగిలిందని మా ముందు వచ్చినవాళ్ళు రాశారు.

దీని మీదే దారిలో ఖాజాకూ ఎస్తేరుకూ గొడవ. వాడికి కుడి మోకాలు పట్టేసింది, చుట్టుదారిన పోదామన్నాడు.

"నీ మోకాలు చూసుకుంటా పోతే ఎండకు నలుగురం మాడిపోతాం. కొండ దారే," అంది ఎస్తేరు.

"నర్సమ్మా, మోకాలు నీది కాదు కదా!"

"మోకాలు లేనోడివి ఇంట్లో ఉండాల్సింది."

ఆ మాట కొంచెం ఎక్కువే. తర్వాత చాలా దూరం హెల్మెట్లలో చప్పుడు లేదు. మరికాస్త పోయాక ఇద్దరూ మెల్లగా మాట్లాడుకోవడం మొదలైంది. గది చేరేసరికి ఇద్దరి మొహాలూ తేటపడ్డాయి.

నీళ్ళ దగ్గర ఖాజా అన్నాడు. "పోనీలే ఎస్తేరూ. తప్పు నాదే అని నువ్వే అన్నాక ఇంకేముంది?"

ఎస్తేరు గ్లాసు దించింది. "నేనా? నేనెప్పుడన్నా? నువ్వే కదా, నీ మాటే రైటు, కొండ దారినే పోదాం అంటివి?"

"నేనా?"

ఇద్దరూ మా వంక చూశారు. ఓబులేసన్న విన్నది ఎస్తేరు సారీ. నేను విన్నది ఇద్దరిదీ. అన్నది మాత్రం ఎవరూ కాదు. మధ్యలో కొండ లేదు, గాలి లేదు, మాట తెగలేదు. తెగకపోయినా హెల్మెట్టే పూడ్చింది.

దీన్ని పక్కన పడేసి గంటతో పోదామన్నాను. ఓబులేసన్న నవ్వాడు.

"గొడవ సల్లారింది కదమ్మా హైమా. ఎవురు సల్లార్చితే ఏం?"

నిజం చెప్పొద్దూ, నాకూ తేలిక అనిపించింది. అలిగిన మనుషులతో అంత దూరం పోవడం నరకం. ఖాజా కూడా, ఒకసారి సారీ చెప్పించుకున్నవాడు మళ్ళీ గొడవెందుకనుకున్నాడేమో, "సరేలే, కొండ దారినే పోదాం పాండి" అన్నాడు. ఎస్తేరు వాడి మోకాలికి గట్టిగా పట్టీ చుట్టింది. రేపు తెల్లవారగానే బయలుదేరతాం.

3. ప్యాపిలి కొండ దాటాక నీడగది

ఇది తొందరలో రాస్తున్నాను. ఈ గదికి ఎవరైనా వస్తే ముందు ఇది చదవండి. ఖాజా మా వెనక లేడు.

పొద్దున వరస ఇదీ: ఓబులేసన్న, ఎస్తేరు, నేను, ఆఖరున ఖాజా. సందులో జాగా లేదు కాబట్టి వరస మార్చుకోలేదు. మామూలుగా ముందున్నవాడు అలిసిపోయి వెనక్కి వస్తుంటాడు, అప్పుడు అందరూ అందరికీ కనబడతారు. ఈరోజు అది లేదు. వెనక్కి చూసే వీలూ లేదు, పక్కన లోయ.

ఎక్కుడు మొదలయ్యే చోట ఖాజా ఉన్నాడు. అది ఖాయం. నా సీటు కింద సంచిలో చెయ్యి పెట్టి పల్లీ చిక్కీ లాక్కున్నాడు, దొంగవెధవా అని తిట్టాను. అప్పుడే మేక కథ ఎత్తుకున్నాడు. దారి పొడుగునా చెప్పాడు. బండి పోలీస్ స్టేషన్ ముందు ఆగింది, ఎస్సై మేకను పట్టి కట్టేయించాడు, మేక అరుపు భరించలేక నాయన ఆరోజు కుల్ఫీలన్నీ పోలీసులకు పంచిపెట్టి దాన్ని విడిపించుకున్నాడు, ఇంటికి తెచ్చుకున్నాడు, ముసలిదయ్యేదాకా అది వాళ్ళ వాకిట్లోనే ఉంది. ఓబులేసన్న నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూనే గది ముందు సైకిల్ దిగాడు.

"ఇన్నేండ్లకు మేక సంగతి తేలింది రా ఖాజా!" అంటూ వెనక్కి తిరిగాడు.

నా వెనక ఖాళీ రోడ్డు.

"ఎనకాలే ఉండా అన్నా. మీరు నీళ్ళు పట్టుకోండి," అంది ఖాజా గొంతు నా చెవిలో. హాయిగా ఉంది ఆ గొంతు. అలుపు లేదు.

కాసేపు చూశాం. వంపులోంచి ఎవరూ రాలేదు.

"యాడున్నావు రా?" అని అడిగాను.

"వంపు కాడే అక్కా. వస్తాండా."

వంపు మాకు కనబడుతూనే ఉంది.

ఎస్తేరు ఇంకా వంపు వైపే చూస్తోంది. "నిజంగా వస్తాన్నాడేమో అక్కా. మోకాలు నొప్పికి నడిపించుకుంటా వస్తాన్నాడేమో. మనం పోతే ఒకరికొకరం తప్పిపోతాం."

ఓబులేసన్నే తెలివిగా అడిగాడు. "ఖాజా, ఆ మేక కథ ఇంగొకసారి చెప్పురా."

చెప్పింది. మొదటినుంచీ, ఎక్కడా ఆగకుండా, ఎస్సైతో సహా, మేక ముసలిదయ్యేదాకా. అవే మాటలు.

ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. ఆ కథను ముగించడం ఖాజా వల్ల కాదు. బతికున్న ఖాజా అయితే ఈపాటికి ఏడుసార్లు కథ దారి తప్పి మోకాలి గురించో, చిక్కీ గురించో మాట్లాడేవాడు. కథ మొదలుపెట్టినవాడు మా ఖాజా. పూర్తిచేసినది వాడు కాదు. మధ్యలో ఎక్కడో నా వెనకాలే, నేను నవ్వుతుండగానే, వాడు ఆగిపోయాడు.

ఎండ సైరన్ మోగుతోంది. ఈ వేళ బయటికి పోకూడదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోతున్నాం. తడిపిన దుప్పట్లు కప్పుకుని, మోయగలిగినన్ని నీళ్ళు తీసుకుని పోతున్నాం. హెల్మెట్లు తీసేశాం. ఇక చెవులతోనే వింటాం. వాడికి గంట ఉంది, కొట్టగలిగితే కొడతాడు.

తీసేసిన హెల్మెట్లోంచి వాడి గొంతు సన్నగా వస్తూనే ఉంది. "యాడికి పోతాన్నారు అక్కా? ఈ ఎండలో వద్దు. నేను వచ్చేస్తాండా కదా."

4. అదే నీడగది, పొద్దు వాలాక

దొరికాడు. బతికి ఉన్నాడు. మిగతాది నిదానంగా రాస్తాను.

హెల్మెట్ లేకుండా రోడ్డు మీదికి వచ్చేసరికి ముందు భయమేసింది. బయలుదేరినప్పటినుంచీ గాలి చప్పుడే వినలేదు నేను. కొండ సందులో అది ఎంత మోత పెడుతోందో అప్పుడు తెలిసింది. తారు మెత్తబడి చక్రాలకు అంటుకుంటోంది. ప్రతి వంపు దగ్గరా ఆగి ఊపిరి బిగబట్టి విన్నాం. గంట లేదు. ఓబులేసన్న నోరు చుట్టూ చేతులు పెట్టి "ఖాజా!" అని అరిచాడు. కొండ తిరిగి అరిచింది, అంతే.

గంట కొట్టడం లేదంటే చెయ్యి ఎత్తలేని స్థితిలో ఉన్నాడని ఎస్తేరు అంది. లోపల నేను, దేవుడా, వాణ్ణి తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటాను అనుకున్నాను.

ఎక్కుడు సగంలో ఒక ఎండిన వంక, అది రోడ్డు దాటేచోట మనిషి పట్టేంత తూము ఉంది. రోడ్డు పక్కన సైకిల్ జాగ్రత్తగా ఆనించి ఉంది. పడిపోలేదు. ఇత్తడి గంట ఎండకు మెరుస్తోంది. మనిషి కింద తూములో ఉన్నాడు, కాళ్ళు చాపుకుని, హెల్మెట్ పెట్టుకునే, కళ్ళు మూసుకుని. పెదాలు పగిలిపోయాయి. నవ్వుతున్నాడు.

"ఖాజా! రేయ్!"

"సరేలే అక్కా," అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఈడనే కూర్చున్నా. తొందర లేదులే."

నేను వాడి ఎదురుగానే ఉన్నాను. భుజం పట్టి కుదిపాను. "వచ్చినాం రా, లెయ్."

"వచ్చేసినాం అనే కదా ఇంతసేపటినుంచీ అంటాన్నావు."

దగ్గరికి వంగితే వాడి హెల్మెట్లోంచి వినబడింది. నా గొంతు. "వచ్చేస్తున్నాం నాయనా. నువ్వు కదలొద్దు. నీళ్ళు అయిపోయినా భయపడొద్దు, పక్క వంపులోనే ఉన్నాం. నా బంగారు తండ్రివి కదా, కాసేపు కళ్ళు మూసుకో." నేను జన్మలో ఎవరితోనూ అంత ప్రేమగా మాట్లాడలేదు. నా కన్నకొడుకుతో కూడా మాట్లాడలేదు.

హెల్మెట్ తీయబోతే వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. అంత బలం ఎక్కడిదో. ఓబులేసన్న పట్టుకుంటే నేను లాగాను. అప్పుడు కూడా కళ్ళు తెరవలేదు. నేను మాట్లాడుతున్నా అది నేనని నమ్మడం లేదు. ఎస్తేరు పిలిచినా "సరేలే" అనే అంటున్నాడు.

నేను పైకి పరుగెత్తి సైకిల్‌ను తూములోకి ఈడ్చుకొచ్చాను. వాడి చెవి పక్కన గంట కొట్టాను. ఆ తూములో అది ఎంత మోగిందో! ఆదోని వీధుల్లో పిల్లలంతా పరుగెత్తుకొచ్చేంత మోగింది. కొడుతూనే ఉన్నాను.

ఖాజా కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, నా దుప్పటి చూశాడు, నా పగిలిన పెదాలు చూశాడు.

"అక్కా, నువ్వేనా?" అని ఏడ్చాడు.

నేనూ ఏడ్చాను. ఎస్తేరు ఇద్దరినీ కసిరి ఉప్పు కలిపిన నీళ్ళు వాడికి గుక్క గుక్కగా పట్టించింది. తడిగుడ్డ తల మీద, మెడ మీద, చంకల్లో పెట్టింది. ఎండ తగ్గేదాకా నలుగురం ఆ తూములోనే ఇరుక్కుని కూర్చున్నాం.

కాస్త తేరుకున్నాక అడిగాను. "మోకాలు పట్టేసి ఆగిపోయినావు. ఆగిపోతాండా అని చెప్పొద్దా?"

"చెప్పినా కదక్కా. గట్టిగా అరిచినా. సరే, నువ్వు తూములో కూర్చో, మేము వెనక్కి తిరిగి వస్తాన్నాం అంటివి."

"మరి గంట ఎందుకు కొట్టలేదు?"

వాడు వింతగా చూశాడు. "మీరు మాట్లాడతానే ఉంటిరి కదా. వస్తాన్నోళ్ళను గంట కొట్టి పిలుస్తారా ఎవురన్నా?"

ఓబులేసన్న వాడి పక్కకు జరిగాడు. "రేయ్, ఇంతకూ ఆ మేక ఏమైంది రా?"

"ఏ మేక? ఓ, అదా. బండి పోలీస్ స్టేషన్ ముందర ఆగిందా, అప్పుడు ఎస్సై ఏం చేసినాడంటే... అక్కా, ఆ చిక్కీ ఇంగా ఉందా?"

నేను వాడి నెత్తిన ఒక్కటిచ్చాను. చిక్కీ మొత్తం ఇచ్చేశాను. వీడు మా ఖాజానే.

5. డోన్ నీడగది, తిరుగు దారిలో

అనంతపురం ఆలోచన మానేశాం. చుట్టుదారిన మెల్లగా వెనక్కి వచ్చాం. ఆ దారి చదునుగా ఉంది, మధ్యలో పాత పెట్రోలు బంకు కప్పు కింద ఎండ తప్పించుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అటే పోండి.

ఇది చదివే ప్రతి ఒక్కరికీ ఒక మాట. వరసలో ఆఖరి మనిషికి గంట ఉండాలి. కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా కొట్టాలి. చెవులు ఖాళీగా పెట్టుకోండి. మాట వినబడుతోంది కదా అని నమ్మొద్దు.

నలుగురి హెల్మెట్లూ విప్పి సంచుల్లో వేశాం. పారేద్దామంటే ఎండకు నెత్తి మాడుతుందని ఎస్తేరు ఊరుకోలేదు. తలగుడ్డలు సరిపోనప్పుడు మాత్రం వాటి లోపలి మాటల పెట్టె ఆపేసి పెట్టుకోవాలన్నది ఒప్పందం.

దారిలో కబుర్లు తగ్గిపోయాయి. గాలిలో అరిచి మాట్లాడాలి, అరిచినా సగం వినబడదు. ఎస్తేరూ ఖాజా నిన్న మళ్ళీ గొడవపడ్డారు. ఈసారి ఎవరూ చల్లార్చలేదు. రాత్రి భోజనం దగ్గర కూడా మాటల్లేవు. మనుషులతో బతకడమంటే ఇంతేనని సర్దుకున్నాను.

ఆరోజు తూములో ఖాజా నాతో ఒక మాట అన్నాడు, అప్పుడు రాయలేదు. "నువ్వు ఎంత బాగా మాట్లాడినావో తెలుసా అక్కా. మా అమ్మ పోయినాక నాతో ఎవురూ అట్ల మాట్లాడలేదు." అది నేను కాదురా అన్నాను. తెలుసులే అన్నాడు. తల అటు తిప్పుకున్నాడు. నాకు నోరు మంచిది కాదు. అప్పుడైనా ఒక మంచి మాట అనాల్సింది.

ఈ పొద్దున వరసలో నేను మూడోదాన్ని, ఖాజా ఆఖరు. రాయి వచ్చినప్పుడల్లా గంట మోగుతూనే ఉంది. ఒక్కటీ తప్పలేదు. డోన్ దగ్గర పడ్డాక రోడ్డు వెడల్పయింది. నేను పక్కకు తొలిగి వేగం తగ్గించి వాణ్ణి ముందుకు రానిచ్చాను, నాలుగు మాటలు మాట్లాడదామని. ఏమనాలో పొద్దుటినుంచీ మనసులో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

వాడు నన్ను చూడలేదు. అప్పటికి ఎండ ఇంకా ఎక్కలేదు, అయినా హెల్మెట్ పెట్టుకున్నాడు. రాయి రాగానే చెయ్యి దానంతటదే గంట కొట్టింది. పెదాలు కదులుతున్నాయి. నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"అవునక్కా," అంటున్నాడు. "అప్పుడు మేకను ఇంటికి తెచ్చుకున్నాం."